వేడినీటి యంత్రము - హామీపత్రము

మన పెద్దలు స్నానమునకు నీళ్లు కాచుకొనుటకు ఎవరినీ హామీపత్రము అడిగి యెరుగరు. పెరటిలో మూడు రాళ్ల పొయ్యి, దానిపై మసిబారిన కాగు, క్రింద కందికట్టె, పత్తికట్టె. కాగు చిల్లి పడినచో మాటు వేయువాడు ఊరిలోనే ఉండెడివాడు. వాని పని నిలువకున్నచో మరునాడు వాని వాకిట నిలిచి అడుగవచ్చును. చేసినవాడును కొన్నవాడును ఒకరినొకరు ఎరిగినవారగుటచే మాటయే హామీగ నుండెను.

నేడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలోనే గాక, వాటి చుట్టునున్న పల్లెలలో సైతము స్నానపుగది గోడకు గీజరు వ్రేలాడుచున్నది. దానిని చేసిన కర్మాగారము ఎక్కడనో ఉన్నది. అమ్మినవాడు బజారులోనో, ఫోనుతెర మీదనో ఉన్నాడు. బిగించినవాడు మూడవవాడు. చెడినపుడు వచ్చి చూచువాడు నాలుగవవాడు. ఈ నలుగురికిని మనకును గల సంబంధమంతయు ఒక మడత కాగితములో నున్నది. దానినే వారంటీ అందురు. పెద్ద హోటళ్లలోను, సంపన్నుల యిండ్లలోను కనబడు వేడినీటి తొట్టి మొదలుకొని, చిన్న జీతగాడు కొనుక్కొను పది లీటర్ల గీజరు వరకు ఈ కాగితము విషయమున న్యాయమొక్కటే. దానిని ఎట్లు చదువవలెను, యంత్రము చెడినపుడు మన హక్కును ఎట్లు నిలుపుకొనవలెను అనునదే నేటి ప్రసంగ విషయము.

ముందుగ యంత్రము సంగతి. నీటిని నిలువ ఉంచి కాచు గీజరులో ముఖ్యభాగములు అయిదు. నీరు నిలుచు ట్యాంకు మొదటిది. నీటిలో మునిగియుండి వేడియగు కడ్డీ, అనగా ఎలిమెంటు, రెండవది. నీరు తగిన వేడికి రాగానే కరెంటును ఆపు థర్మోస్టాటు మూడవది. అది పనిచేయనిచో రెండవ కాపరిగ నుండి కరెంటును త్రెంచు కటవుటు నాలుగవది. లోపల ఒత్తిడి మించినపుడు నీటిని బయటికి వదలు సేఫ్టీ వాల్వు అయిదవది. ఇవి గాక పలు ట్యాంకులలో మెగ్నీషియము కడ్డీ యొకటి ఉండును. నీటిలోని లవణములు ఉక్కును తినివేయ జూచునపుడు ఈ కడ్డీ తాను ముందుగ కరిగి ట్యాంకును కాపాడును. అది పూర్తిగ కరిగిపోయిన పిమ్మట తుప్పు ట్యాంకు మీదికి వచ్చును. కావున దానిని అప్పుడప్పుడు విప్పించి చూపించి, అరిగినచో మార్పించవలెను. ఈ కడ్డీ ఒకటున్నదని కొన్నవారిలో చాలమంది ఎరుగరు.

ఈ భాగములన్నిటికి హామీ ఒక్కటే యని తలపరాదు. పెట్టెమీద పెద్ద అక్షరములలో ఏడేండ్ల హామీ అని ఉండవచ్చును. లోపలి కాగితము విప్పి చదివినచో, ఆ ఏడేండ్లు ట్యాంకునకు మాత్రమే యనియు, ఎలిమెంటునకు అంతకు తక్కువ యనియు, తక్కిన భాగములకు రెండేండ్లే యనియు కనబడవచ్చును. ఆ కాలము కొన్న తేదినుండి లెక్కయో, బిగించిన తేదినుండి లెక్కయో కూడ అందులోనే ఉండును. అటు తరువాత చిన్న అక్షరములలో ‘ఈ క్రింది సందర్భములలో హామీ వర్తింపదు’ అను శీర్షిక వచ్చును. కొనుటకు ముందు చదువవలసినది ఆ భాగమే. కంపెనీ మనిషి గాక ఇతరులు బిగించినచో వర్తింపదు. ఎర్తు సరిగ లేనిచో వర్తింపదు. సేఫ్టీ వాల్వు తీసివేసినచో వర్తింపదు. నీటి కఠినత్వము ఇంతకు మించినచో వర్తింపదు. ఈ చివరి మాటయే మన మూడు జిల్లాల గృహస్థులకు ముఖ్యమైనది.

కారణము మన నేలలోనే ఉన్నది. కృష్ణకును తుంగభద్రకును నడుమనున్న నడిగడ్డ గాని, కృష్ణకు ఈవలి వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు గాని, చాలవరకు రాతినేలలు. ఇక్కడి బోరు నీరు రాతిపగుళ్లలో ఏండ్ల తరబడి నిలిచి, రాతిలోని కాల్షియము, మెగ్నీషియము లవణములను కరిగించుకొని పైకి వచ్చును. మిషన్ భగీరథ నల్లాలు వచ్చిన పిమ్మట శుద్ధిచేసిన నదినీరు త్రాగుటకు అందినను, స్నానమునకును బట్టలకును బోరు నీటినే మిద్దెమీది ట్యాంకునకు ఎక్కించుకొను ఇండ్లు ఇంకను అనేకములు. సబ్బు నురుగు రాకుండుట, పప్పు త్వరగ ఉడుకకుండుట, గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట ఈ నీటి లక్షణములని మన గృహిణులకు నేను చెప్ప నక్కరలేదు.

ఆ నీటిలో కరిగియున్న కాల్షియము బైకార్బొనేటు వేడి తగిలినపుడు నిలువదు. అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, మిగిలినది కాల్షియము కార్బొనేటుగ మారి అడుగున దిగును. అది సున్నపురాయి వంటిదే. నీరు ఎంత వేడియైనచో ఈ పూత అంత త్వరగ పేరుకొనును. అన్నిటికన్న వేడిది ఎలిమెంటు గనుక పూత దానినే ముందు పట్టుకొనును. లోపలి తీగ వేడి వెలిగ్రక్కుచునే ఉండును. పైనున్న పూత ఆ వేడిని నీటికి త్వరగ పోనీయదు. కడ్డీ తన వేడికి తానే మాడి తెగిపోవును. ఒక్కొక్కపుడు దాని తొడుగు పగిలి కరెంటు నీటిలోనికి దిగును. ఎర్తు లేని యింటిలో అది ప్రాణాపాయము. కావున గీజరు చెడుట అనునది డబ్బు నష్టము మాత్రమే కాదని గుర్తుంచుకొనవలెను.

నీటి కఠినత్వమును ఎట్లు కొలుతురు? ఒక లీటరు నీటిలో కాల్షియము కార్బొనేటు లెక్కన ఎన్ని మిల్లీగ్రాములున్నవో చెప్పుదురు. భారత ప్రమాణముల సంస్థ త్రాగునీటికి విధించిన ప్రమాణము ననుసరించి కఠినత్వము 200 మిల్లీగ్రాములలోపు ఉండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 600 వరకు అనుమతింపవచ్చును. హామీపత్రములో ఎంత అంకె వేసినారో చూచి, మన నీటి అంకెతో పోల్చుకొనవలెను.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. మరమ్మతునకు వచ్చిన మనిషి జేబులోనుండి కలము వంటి మీటరు తీసి నీటిలో ముంచి, అంకె చూపి, ‘అమ్మా, మెషిను మంచిదే, మీ నీళ్లే మంచిగ లేవు’ అనును. ఆ మీటరు చూపునది టీడీఎస్, అనగా నీటిలో కరిగిన సమస్త లవణముల మొత్తమునకు ఒక అంచనా. అందులో ఉప్పునకు సంబంధించిన సోడియము కూడ చేరును. సోడియము ఎలిమెంటు మీద రాయి కట్టదు. కాబట్టి టీడీఎస్ వేరు, కఠినత్వము వేరు. కాగితములో కఠినత్వమునకు హద్దు పెట్టి, ఇంటిలో టీడీఎస్ కొలిచి హామీని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ఏ అంకె కొలిచినాడో, ఏ సాధనముతో కొలిచినాడో అతని పనిచీటీలో వ్రాయించి సంతకము తీసుకొనుడు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో మీ బోరు నీటిని పరీక్ష చేయించుకొని ఆ చీటీని దాచుకొనుట మరింత మంచిది.

అన్ని లోపములకును నీరే కారణము కాదు. ట్యాంకు అతుకు దగ్గర కారినచో, థర్మోస్టాటు కొన్న నెలకే పనిచేయకున్నచో, కటవుటు ఊరక త్రెంచుకొనుచున్నచో, లోపలి తీగెల అతుకులు మాడినచో, సున్నపు పూతకును ఆ లోపమునకును గల సంబంధమేమో చూపవలసిన భారము ఆ మాట అన్నవారిదే కావలెను. ‘నీళ్లు చెడ్డవి’ అను ఒక్క మాటను అన్ని రోగములకు ఒకే మందుగ వాడనీయరాదు. ఏ భాగము చెడినది, ఏ కారణమున చెడినది అను రెండు ప్రశ్నలకు విడివిడిగ, వ్రాతపూర్వకముగ సమాధానము కోరవలెను.

ఇక చట్టము సంగతి. 1930 నాటి వస్తువిక్రయ చట్టము నేటికిని అమలులో ఉన్నది. అందు అమ్మకపు ఒప్పందములోని మాటలను రెండు తెగలుగ విభజించినారు. ఒప్పందమునకు ప్రాణము వంటి షరతు ఒకటి. దానికి అనుబంధమైన హామీ మరొకటి. షరతు తప్పినచో కొన్నవాడు వస్తువునే త్రోసిపుచ్చవచ్చును. హామీ మాత్రమే తప్పినచో నష్టపరిహారము అడుగవచ్చును గాని వస్తువును త్రోసిపుచ్చుటకు వీలులేదు. ఆ చట్టములోని 16వ సెక్షను మన విషయమునకు ముఖ్యము. కొనువాడు తనకు వస్తువు ఎందుకు కావలెనో అమ్మువానికి తెలిపి, అతని నేర్పు మీద ఆధారపడి కొన్నచో, ఆ వస్తువు ఆ పనికి తగినదై యుండవలెనను షరతు, ఎవరును నోట పలుకకున్నను, ఒప్పందములో చేరియే ఉండును. కాని వెంటనే ఒక మినహాయింపు ఉన్నది: కొనువాడు ఫలానా పేరుగల వస్తువే కావలెనని వ్యాపారనామముతో అడిగి కొన్నచో, ఒక ప్రత్యేక పనికి తగినదై యుండవలెనను ఆ షరతు వర్తింపదు.

దీని తాత్పర్యమేమి? అంగడికి పోయి ప్రకటనలో విన్న పేరు చెప్పి ‘అది ఇయ్యి’ అని అడుగుట వేరు. ‘మాది బోరు నీరు, కఠినత్వము ఇంత, మిద్దెమీది ట్యాంకు ఇంత ఎత్తు, ఇంటిలో నలుగురము, దీనికి తగిన గీజరు చూపుము’ అని అడుగుట వేరు. రెండవ తీరున అడిగి, బిల్లుమీద ‘బోరు నీటికి’ అను రెండు మాటలు వ్రాయించుకొన్నవాడు తరువాత చెప్పుకొనుటకు బలమైన ఆధారము సంపాదించుకొన్నవాడగును. రెండు మాటలు వ్రాయుటకు అంగడివాడు వెనుదీసినచో, ఆ యంత్రము మన నీటికి తగదని అతడే చెప్పినట్లు గ్రహించి మరొక అంగడికి పోవచ్చును.

పాత చట్టము ప్రకారము నష్టపరిహారమునకు సివిలు కోర్టుకు పోవలెను. కోర్టు రుసుములు, వకీలు ఖర్చులు, వాయిదాలు తలచుకొని సామాన్యుడు చెడిన వస్తువును అటకమీద పడవేసి ఊరకుండెడివాడు. అందువలననే 1986లో వినియోగదారుల రక్షణ చట్టము వచ్చినది. దాని స్థానమున 2019లో చేసిన కొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. చట్టము చేత గాని ఒప్పందము చేత గాని ఉండవలసిన నాణ్యతలో, పరిమాణములో, ప్రమాణములో ఏ కొరత యున్నను అది లోపమే యని ఈ చట్టము చెప్పుచున్నది. బిల్లు ఇయ్యకపోవుట, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పనిచో ముప్పది దినములలో, వాపసు తీసుకొన నిరాకరించుట అక్రమ వ్యాపారపద్ధతులని చెప్పుచున్నది. వస్తువు వలన ఒంటికో, ఇంటికో హాని కలిగినపుడు, తాను వ్రాసియిచ్చిన హామీకి వస్తువు సరిపోనిచో, ఆ హామీ ఇచ్చుటలో తన అజాగ్రత్త గాని మోసము గాని లేదని రుజువుచేసినను తయారుచేసినవాడు బాధ్యుడే యని కూడ చెప్పుచున్నది. వాడుక తెలుపు సూచనలు, హెచ్చరికలు చాలినంత ఇయ్యకపోవుట కూడ అతని బాధ్యతలోనిదే.

ఈ చట్టము మన ప్రాంతపు సామాన్యులకు ఎట్లు ఉపయోగపడినదో తెలుపుటకు ఒక పెద్ద వ్యాజ్యమును చెప్పెదను. అది గీజరు సంగతి కాదు, విత్తనముల సంగతి. జాతీయ విత్తన సంస్థ అమ్మిన విత్తనములు లోపభూయిష్టములై పంట చెడినదనియు, దిగుబడి తగ్గినదనియు రైతులు ఫిర్యాదులు చేసిరి. ఉమ్మడి రాష్ట్రములోని కర్నూలు, మహబూబునగరు, గుంటూరు, ఖమ్మము, కాకినాడ జిల్లా ఫోరములు వారికి నష్టపరిహారము ఇప్పించినవి. రాష్ట్ర కమిషను, జాతీయ కమిషను వానినే స్థిరపరచినవి. సంస్థ సుప్రీముకోర్టుకు పోయినది. విత్తనములను ప్రయోగశాలకు పంపి పరీక్ష చేయింపకయే లోపమున్నదని ఎట్లు తేల్చిరి అనునది దాని ముఖ్యవాదములలో నొకటి. 2012 జనవరిలో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. రైతు తెచ్చిన విత్తనమునంతయు చల్లుకొనును. రేపు వ్యాజ్యము వచ్చునని గుప్పెడు విత్తనములు దాచియుంచునని ఆశింపరాదు. పరీక్ష కావలెనన్నచో ఆ రకపు నమూనాలు గల సంస్థయే అడిగియుండవచ్చును అని న్యాయస్థానము భావించినది. రైతులు వినియోగదారులే యని కూడ తేల్చినది.

విత్తనోత్పత్తికి పేరుపడిన నడిగడ్డ రైతులకు ఈ తీర్పు విలువ వేరుగ చెప్ప నక్కరలేదు. గీజరు కొన్న గృహస్థుడు దీనినుండి నేర్వవలసినది రెండు విషయములు. మొదటిది: అసాధ్యమైన సాక్ష్యమును తెమ్మని చట్టము సామాన్యుని వేధింపదు. రెండవది: సాధ్యమైన సాక్ష్యమును మాత్రము అతడు కాపాడుకొనవలెను. నాటిన విత్తనము మరల దొరకదు గాని చెడిన గీజరు మన యింటిలోనే ఉండును. దానిని పాతసామానులవానికి వేయరాదు. విప్పి తీసిన ఎలిమెంటును పారవేయనీయరాదు. రైతుల విషయమున పొలమును చూచినవారు వ్రాసిన నివేదికలు పనికివచ్చినట్లే, మన విషయమున మరమ్మతు మనిషి పనిచీటీ పనికివచ్చును.

ఇప్పుడు వరుసగ చేయవలసిన పనులు చెప్పెదను. కొన్ననాడు: తేది, మోడలు, సీరియలు సంఖ్య, ధర స్పష్టముగ నున్న బిల్లు తీసుకొనుడు. ఐఎస్ఐ గుర్తు చూడుడు. గృహోపయోగపు విద్యుత్ గీజర్లకు అది తప్పనిసరి. హామీపత్రము మీద అంగడివాని ముద్ర, సంతకము వేయించుడు. బిల్లు సిరా కొన్ని నెలలకే వెలిసిపోవు కాగితముల కాలమిది; కావున ఆనాడే ఫోటో తీసి ఉంచుడు. బిగించిననాడు: బిగించినవాని పేరు, తేది వ్రాయించుడు, ఎర్తును పరీక్షింపించుడు, సేఫ్టీ వాల్వు పెట్టినాడో లేదో కన్నులార చూడుడు.

చెడిననాడు: మొదట మెయిను స్విచ్చి ఆపుడు. నీటిలో కరెంటు తగులుచున్నదన్న అనుమానమున్నచో ఎవరును ముట్టరాదు. తరువాత కంపెనీ ఫోనుకు ఫిర్యాదు చేసి ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనుడు. వీధిలోని మిస్త్రీ చేత విప్పించినచో హామీ పోయినదను సాకు వారికి దొరకును. కావున వారి మనిషి వచ్చువరకు ఓపిక పట్టుడు. అతడు వచ్చి చూచి ఏమి చెప్పినను పనిచీటీలో వ్రాయుమనుడు. ‘వారంటీలో రాదు’ అన్నచో ఏ షరతు క్రింద రాదో దాని సంఖ్య వేయుమనుడు. నోటిమాట గాలిలో కలియును, చీటీ నిలుచును.

అంతటితో పని జరుగనిచో కంపెనీకిని, అంగడివానికిని ఒక ఉత్తరము వ్రాయవలెను. దానిలో పెద్ద మాటలు, కోపపు మాటలు అక్కరలేదు. ఈ తీరున ఉన్నచో చాలును:

‘అయ్యా, ఫలానా తేదిన ఫలానా బిల్లుపై ఈ సంఖ్యగల గీజరును ఇంత ధరకు కొన్నాను. ఫలానా తేదిన మీ మనిషియే బిగించెను. పదునాలుగవ నెలలో ట్యాంకు అతుకు వద్ద నీరు కారుట మొదలైనది. ఫలానా సంఖ్యగల ఫిర్యాదుపై వచ్చిన మీ మనిషి నీటి కఠినత్వము కారణమని చెప్పి హామీ వర్తింపదన్నాడు. అతుకు కారుటకును కఠినత్వమునకును గల సంబంధమును వ్రాతపూర్వకముగ తెలుపగలరు. లేదా, ఈ ఉత్తరము అందిన పదునైదు దినములలో ట్యాంకును మార్చియిచ్చుట గాని, ధర తిరిగి ఇచ్చుట గాని చేయగలరు. లేనిచో వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవలసి వచ్చును.’

ఈ ఉత్తరమును అందినట్లు రుజువు దొరకు తపాలాలో పంపి, నకలును రసీదును కలిపి ఉంచుడు. ఫోనుతెర మీద కొన్నవారికి మరొక మార్గము కలదు. 2020 నాటి ఈ-కామర్సు నిబంధనల ప్రకారము అట్టి సంస్థ తన ఫిర్యాదుల అధికారి పేరును ప్రకటింపవలెను. ఆ అధికారి 48 గంటలలో ఫిర్యాదు అందినదని తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. ఎక్కడ కొన్నవారైనను 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటాడవచ్చును. వారు తీర్పు చెప్పరు, కంపెనీకి వ్రాసి సామరస్యముగ పరిష్కారమునకు ప్రయత్నింతురు. చిన్న వివాదములు పలు అక్కడనే తీరిపోవును.

అక్కడను తీరనిచో జిల్లా కమిషను. మన మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న వేరుపడకముందు మహబూబునగరు జిల్లాలోనివే. జిల్లా వినియోగదారుల వివాదముల పరిష్కార కమిషను మహబూబునగరులో ఉన్నది. వస్తువునకు ఇచ్చిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉన్నచో జిల్లా కమిషనే వినును. ధర 5 లక్షలు మించనిచో ఫిర్యాదునకు రుసుమే లేదు. కంపెనీ కార్యాలయము ఢిల్లీలోనో బొంబాయిలోనో ఉన్నదని వెరవ నక్కరలేదు. 2019 చట్టము ప్రకారము ఫిర్యాదుదారు నివసించు చోటనే ఫిర్యాదు చేయవచ్చును. వకీలును పెట్టుకొనవచ్చును, లేదా తన మాట తానే చెప్పుకొనవచ్చును. ఇంటినుండియే కంప్యూటరు ద్వారా దాఖలు చేయు వీలు కలదు; కోరినచో దృశ్యవాణి ద్వారా విచారణకు అనుమతింప వచ్చును. అయితే కారణము కలిగిన నాటినుండి రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. ‘రేపు వత్తుము, మాపు వత్తుము’ అను మాటలతో ఆ రెండేండ్లు గడచిపోకుండ చూచుకొనుడు.

ఎదిరిపక్షమువారు 30 దినములలో, కమిషను అనుమతించినచో మరి 15 దినములలో జవాబు చెప్పవలెను. పరీక్ష లేక లోపము తేలదని తోచినచో కమిషను వస్తువును తగిన ప్రయోగశాలకు పంపును. దాని రుసుము మొదట ఫిర్యాదుదారు చెల్లింపవలసి రావచ్చును. మూడు నెలలలో, పరీక్ష అవసరమైనచో అయిదు నెలలలో వ్యాజ్యము తీర్ప ప్రయత్నింపవలెనని చట్టము. ఆచరణలో అంతకు మించి పట్టుట కలదు. కావున ఓపిక కావలెను. లోపము ఋజువైనచో దానిని తొలగింపుమని గాని, కొత్త వస్తువు ఇమ్మని గాని, ధర వాపసు ఇమ్మని గాని, నష్టపరిహారమును ఖర్చులును చెల్లింపుమని గాని కమిషను ఆజ్ఞాపింపవచ్చును. ఆజ్ఞను మీరినవారికి జైలుశిక్ష, జరిమానా కలవు.

ఇక హద్దులు కూడ చెప్పవలెను. లాభమునకై వ్యాపారములో వాడుటకు కొన్నవారు ఈ చట్టము దృష్టిలో వినియోగదారులు కారు. అలంపురమునకు వచ్చు యాత్రికులకై పెద్ద వసతిగృహము కట్టి నలుబది గీజర్లు పెట్టినవారికి ఈ దారి మూసికొనియుండవచ్చును. కాని స్వయముగ పనిచేసికొని పొట్టపోసికొనుటకే కొన్న చిన్న వృత్తిదారునకు చట్టము మినహాయింపు ఇచ్చినది. కాగితములో కఠినత్వపు హద్దు స్పష్టముగ వ్రాసి, అమ్మునపుడే తెలిపి, అంతకు రెండింతల కఠినపు నీటిని ఏండ్ల తరబడి పోసినచో, మాడిన ఎలిమెంటునకు పరిహారము దొరకుట కష్టము. మన తప్పు లేదని చెప్పుటకు ముందు మనము చేయవలసినది చేసియుండవలెను. థర్మోస్టాటును అవసరమునకు మించి పెంచకుండుట, ఏటికొకసారి పూతను తీయించుట, మెగ్నీషియము కడ్డీని చూపించుట, వీలైనచో గీజరునకు నదినీటి నల్లాను కలుపుట మన పనులు. 25 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు సుమారు ఒక యూనిటు కరెంటు చాలును. 2 కిలోవాట్ల గీజరునకు అది అరగంట పని. దినమంతయు స్విచ్చి వేసియుంచుట వలన కలుగునది సున్నపు పూతయు, కరెంటు బిల్లును మాత్రమే.

అమెరికాలో కాపురమున్న మన బిడ్డల యిండ్ల వెనుక వేడినీటి తొట్లుండుట కలదు. అక్కడ 1975లో వచ్చిన మాగ్నుసన్-మాస్ చట్టము ప్రకారము, పది డాలర్లు మించిన వస్తువుల వ్రాతహామీ సంపూర్ణమైనదా, పరిమితమైనదా అని కాగితము నుదుటనే వ్రాయవలెను. హామీ కావలెనన్నచో తమ పేరుగల విడిభాగమునే కొనవలెనని కట్టడి చేయుట సామాన్యముగ చెల్లదు. ఎంత సంపన్న దేశమైనను, కాగితములోని చిన్న అక్షరములు పెద్ద అక్షరములను మ్రింగకుండ కాపాడుటకు చట్టము అవసరమైనదని దీనివలన తెలియుచున్నది.

హామీపత్రము అంగడివాడు చేయు దయ కాదు. దాని వెలను మనము గీజరు వెలలోనే చెల్లించియున్నాము. వెల చెల్లించిన దానిని అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు. తగవులమారియని పేరు వచ్చునేమోయని జంకవలసినది లేదు. తొమ్మిదివేల రూపాయల గీజరు సంపన్నునకు చిన్న వస్తువు. మగ్గము మీద చీర నేసి దినము గడుపు గద్వాల నేతకుటుంబమునకు అది ఎన్నో దినముల కష్టము. ఆ యింటి ముసలివారికి మాఘమాసపు చలిలో నొప్పుల మందు. ఆ కష్టము విలువను నిలుపుకొనుటకు కావలసినవి ఒక బిల్లు, ఒక పనిచీటీ, ఒక ఉత్తరము, కొంత ఓపిక. ఈ రాత్రియే మీ యింటి గీజరు కాగితమును వెదకి తీసి, దీపము వెలుగున చివరి పుట వరకు చదువుడని కోరుచు సెలవు తీసుకొనుచున్నాను.